ఇంటి పన్ను ఎక్కువ పడిందా? ముందు తప్పు అంకె దొరకాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో ఇల్లు ఊరికే ఉండదు. మైత్రీవనం భవనం వెనక గల్లీల్లో నిన్నటిదాకా కాపురమున్న వాటా ఇవాళ లేడీస్ హాస్టల్. కింద జావా క్లాసులు, పైన ఓనరు కాపురం, డాబా మీద రేకుల గదిలో ఉద్యోగాల వేటలో ఉన్న నలుగురు కుర్రాళ్లు. 2020లో క్లాసులు ఆన్‌లైన్‌కి మళ్లాక చాలా ఇళ్ల మీద బోర్డులు దిగిపోయాయి. ఖాళీ అయిన గదుల్లోకి కొన్నిచోట్ల టిఫిన్ సెంటరు వచ్చింది, కొన్నిచోట్ల ఓనరుగారి అబ్బాయే కాపురం పెట్టాడు. పంజాగుట్ట చౌరస్తా చుట్టుపక్కలా ఇదే వరస. ఒకప్పటి పెంకుటింటి స్థలంలో అపార్ట్‌మెంటు, ఆ అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో డయాగ్నొస్టిక్ సెంటరు.

ఇళ్లు మారినంత జోరుగా బల్దియా (నగరపాలక సంస్థ, జీహెచ్ఎంసీ) రిజిస్టరు మారదు. ఎప్పుడో వచ్చిన ట్యాక్స్ ఇన్‌స్పెక్టరు రాసుకున్న కొలత, అప్పుడు కనిపించిన బోర్డు, అప్పటి వాడకం అందులో అలాగే నిలిచిపోతాయి. ఏటా వచ్చే ఆస్తి పన్ను బిల్లు ఇంటిని చూసి రాదు, ఆ రిజిస్టరును చూసి వస్తుంది. తగాదా పుట్టేది అక్కడే.

బిల్లు చూడగానే నోటికొచ్చే మాట "ఇంత ఎక్కువేంటి?" అని. ఆఫీసులో ఆ మాటకు జవాబుండదు. "సిస్టమ్‌ల ఎంత చూపిస్తే గంతే మేడమ్" అని బిల్ కలెక్టరు చేతులెత్తేస్తాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, అతని చేతిలో ఉన్నది రసీదు కొట్టే మెషీన్ మాత్రమే. అదే మనిషి ముందు "నా కింది వాటా కొలత 800 చదరపు అడుగులు, మీ రిజిస్టర్లో 1,000 పడింది" అంటే కథ మారుతుంది. అది తనిఖీ చేసి తేల్చగల విషయం. పన్ను ఎక్కువైందన్నది బాధ, ఫలానా అంకె తప్పన్నది ఫిర్యాదు. బల్దియాలోనైనా కోర్టులోనైనా విచారణ జరిగేది రెండోదాని మీదే.

బిల్లు వెనక ఉన్న లెక్క

గ్రేటర్ హైదరాబాద్‌లో నివాస భవనం పన్ను లెక్క నాలుగు మెట్ల మీద నడుస్తుంది. మొదటిది ప్లింత్ ఏరియా, అంటే కట్టిన మొత్తం విస్తీర్ణం. రెండోది ఆ ప్రాంతానికి, కట్టడం రకానికి, వాడకానికి చదరపు అడుగుకు ఇంత అని ఖరారు చేసిన నెల అద్దె విలువ. ఈ రెంటినీ గుణించి, దాన్ని 12 నెలలకు లెక్కగడితే స్థూల వార్షిక అద్దె విలువ వస్తుంది. అందులోంచి తరుగు కింద 10 శాతం తీసేస్తారు. మూడోది పన్ను శ్లాబు. నెల అద్దె విలువ 50 రూపాయల లోపుంటే పన్ను లేదు. 51 నుంచి 100 వరకు 17 శాతం, 200 వరకు 19, 300 వరకు 22, 300 దాటితే 30 శాతం. నాలుగోది, తేలిన పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలాంటి చోట్ల పుస్తకాలకూ కుర్చీలకూ వెళ్లే డబ్బు ఇదే.

ఈ శ్లాబులు ఏనాటివో అంకెలే చెబుతాయి. నెలకు 300 రూపాయల అద్దె దాటని ఇల్లు ఇవాళ అమీర్‌పేటలో వెతికినా దొరకదు. పన్ను కోసం వేసే అద్దె విలువ బజారు అద్దె కంటే ఎంతో తక్కువే అయినా, చిన్న ఫ్లాటు కూడా 30 శాతం శ్లాబులోనే పడుతుంది. కాబట్టి శ్లాబు గురించి వాదన పెట్టుకుంటే శ్రమ దండగ.

ఒక లెక్క వేసి చూద్దాం. అద్దె విలువ చదరపు అడుగుకు రూపాయిన్నర అనుకుంటే 1,000 చదరపు అడుగుల ఫ్లాటుకు నెలకు 1,500, ఏడాదికి 18,000. పది శాతం తీసేస్తే 16,200. అందులో 30 శాతం 4,860. సెస్సు 388 రూపాయల 80 పైసలు కలిపితే సుమారు 5,249 రూపాయలు. అదే ఫ్లాటును రిజిస్టర్లో 1,250 చదరపు అడుగులుగా రాసి ఉంటే బిల్లు 6,561 అవుతుంది. ఏడాదికి 1,312 రూపాయల తేడా. ఒక ఏడాదికి చిన్న మొత్తమే, కానీ ఆరేళ్లు ఎవరూ పట్టించుకోకపోతే దాదాపు 7,900.

వాణిజ్య భవనానికి సూత్రం ఇంకా పొట్టిది: ప్లింత్ ఏరియాను నెల అద్దె విలువతో గుణించి, దాన్ని మూడున్నర రెట్లు చేయడమే. ఆ మూడున్నర గాల్లోంచి ఊడిపడలేదు. 12 నెలలు, 10 శాతం తరుగు పోగా మిగిలే 0.90, 30 శాతం పన్ను, 8 శాతం సెస్సు, అన్నీ గుణిస్తే 3.4992 వస్తుంది. అంటే లెక్క ఒకటే, మారేది చదరపు అడుగుకు వేసే అద్దె విలువ. అసలు దెబ్బ తగిలేది అక్కడ.

మైత్రీవనం వెనక ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇల్లు ఉందనుకుందాం. కింది వాటా 800 చదరపు అడుగులు. ఒకప్పుడు కోచింగ్ సెంటరుకు ఇచ్చారు, ఇప్పుడు అందులో కొడుకూ కోడలూ ఉంటున్నారు. వాణిజ్య అద్దె విలువ చదరపు అడుగుకు 9 రూపాయలు అనుకుంటే ఆ వాటా ఒక్కదాని మీదే 25,200 రూపాయల పన్ను పడుతుంది. నివాసం కింద రూపాయిన్నర చొప్పున లెక్క కడితే 4,199. రిజిస్టర్లో ఒక్క మాట మారితే ఏడాదికి 21 వేలు మిగిలే లెక్క ఇది.

తప్పు ఎక్కడ దాక్కుంటుంది

మొదట చూడాల్సింది వాడకం. నివాసమా, వాణిజ్యమా, రెండూ కలిసినదా? కలిసినదైతే ఏ అంతస్తు దేనికింద పడింది? కోచింగ్ సెంటరు ఖాళీ చేసి వెళ్లినట్టు బల్దియాకు తనంతట తానుగా తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయిన రోజున తాళాలు తీసుకున్నంత జాగ్రత్తగా ఆఫీసులో కాగితం ఇచ్చే ఓనర్లు తక్కువ. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ల విషయంలో వివాదం ఎక్కువగా ఇక్కడే వస్తుంది: పిల్లలు నిద్రపోయే చోటు కాబట్టి నివాసమని ఓనరు, డబ్బులు తీసుకుని నడిపే వ్యాపారమని ఇన్‌స్పెక్టరు.

రెండోది కొలత. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు వాదనతో వెళ్తారు. బిల్డరు కాగితాల్లో ఉన్న కార్పెట్ ఏరియా చూపించి "మా ఫ్లాటు 780 అడుగులే" అంటారు. బల్దియా లెక్కగట్టేది ప్లింత్ ఏరియా. బాల్కనీలూ, కారు నిలిపే గ్యారేజీ కూడా అందులోకి వస్తాయి. సేల్ డీడ్‌లో రాసిన ప్లింత్ ఏరియాతో, అనుమతి పొందిన ప్లానుతో పోల్చి చూసినప్పుడే తేడా నిలబడుతుంది.

మూడోది గుర్తింపు సంఖ్య. ప్రతి ఆస్తికీ ఒక పీటీఐఎన్ ఉంటుంది. పాతవి 14 అంకెలవి, కొత్తవి 10 అంకెలవి. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టినప్పుడు ఫ్లాట్లకు కొత్త సంఖ్యలు పుట్టుకొస్తాయి. పాత ఇంటి సంఖ్యను రద్దు చేయడం మరిచిపోతే ఒకే జాగాకు రెండు బిల్లులు నడుస్తాయి. ఇంటి నంబర్ల గజిబిజి దీనికి తోడు. అమీర్‌పేట వైపు 7-1తో, పంజాగుట్ట, సోమాజిగూడ వైపు 6-3తో మొదలయ్యే పొడుగాటి నంబర్లలో చివరి బై నంబరు ఒకటి తేడా కొడితే కట్టిన డబ్బు పక్క ఫ్లాటు ఖాతాలో పడుతుంది. ఓనరు చేతిలో రసీదు ఉంటుంది, ఖాతాలో బకాయి అలాగే ఉంటుంది.

నాలుగోది బకాయి, దాని మీద వడ్డీ. గడువు దాటిన పన్ను మీద నెలకు 2 శాతం పడుతుంది. పాత ఓనరు వదిలేసిన బకాయి కొత్త ఓనరు బిల్లులో కనిపించడం మామూలే, ఎందుకంటే పన్ను ఆస్తిని పట్టుకుని ఉంటుంది. బ్యాంకులో తిరిగొచ్చిన చెక్కు, ఆన్‌లైన్‌లో ఖాతా నుంచి కట్ అయి బల్దియాకు చేరని చెల్లింపు కూడా బకాయిగానే తేలతాయి.

అయిదోది అనుమతి లేని నిర్మాణం మీద వేసే అదనపు పన్ను. ప్లానును ఎంత దాటి కట్టారన్నదాన్ని బట్టి ఇది 25 శాతం నుంచి 100 శాతం వరకు ఉంటుంది. 2007 చివర వచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకంలో డబ్బు కట్టి ప్రొసీడింగ్స్ తెచ్చుకున్నవాళ్లకు ఆ తర్వాత కూడా ఈ జరిమానా వస్తుంటే, ఆ ప్రొసీడింగ్స్ కాపీయే వాళ్ల అసలు ఆయుధం.

చివరగా, రావాల్సిన రాయితీ రాకపోవడం. నివాస గృహానికి ఏడాది పన్ను 1,200 రూపాయల లోపుంటే 101 రూపాయలు కడితే చాలని 2016 బల్దియా ఎన్నికల ముందు ప్రభుత్వం నిర్ణయించింది. బల్కంపేట సందుల్లోని ఒంటిగది ఇళ్లవాళ్లకు ఇది వర్తించవచ్చు. ఇల్లు ఖాళీగా ఉన్న కాలానికి సగం పన్ను తగ్గించే వేకెన్సీ రెమిషన్ కూడా ఉంది. అయితే ఖాళీగా ఉన్నప్పుడే దరఖాస్తు చేసి తనిఖీ చేయించుకోవాలి. రెండేళ్ల తర్వాత "అప్పుడు ఖాళీగా ఉండేది" అంటే నిరూపించడం కష్టం.

ఫిర్యాదుకు ముందు సొంత తనిఖీ

ఫిర్యాదు ఒక్కోసారి ఎదురు తిరగొచ్చు. దీనికి బ్రిటన్ ఉదాహరణ ఉంది. అక్కడ కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను 1993 ఏప్రిల్‌లో మొదలైంది. ఇంగ్లండ్‌లో ఇళ్లను 1991 ఏప్రిల్ 1 నాటి విలువ ప్రకారం ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది బ్యాండ్లుగా విడగొట్టారు. తొందర తొందరగా జరిగిన ఆ మదింపులో తప్పులు దొర్లాయని, పక్కింటి బ్యాండుతో పోల్చి చూసుకోమని 2007లో మార్టిన్ లూయిస్ అనే వినియోగదారుల పక్షపాతి ప్రచారం మొదలుపెట్టాడు. చాలామందికి 1993 నుంచి ఎక్కువ కట్టిన డబ్బు తిరిగొచ్చింది.  కానీ లూయిస్ మొదటినుంచీ ఒక హెచ్చరిక చేస్తూ వచ్చాడు. సవాలు చేస్తే బ్యాండు తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. పక్కింటివాళ్ల బ్యాండు కూడా పెరగొచ్చు.

అమీర్‌పేటలోనూ అంతే. కొలత తప్పని దరఖాస్తు పెడితే ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వస్తాడు. కింది వాటాలో 200 అడుగులు తగ్గినా, డాబా మీద రిజిస్టర్లో లేని రేకుల గది అతని కంట పడకుండా పోదు. పాత మెట్ల కింద జిరాక్స్ షాపుకిచ్చిన మూల కూడా కనిపిస్తుంది. కాబట్టి ఫిర్యాదుకు ముందు ఓనరే తన ఇంటిని ఇన్‌స్పెక్టరు కళ్లతో ఒకసారి కొలుచుకోవాలి. ప్రతి అంతస్తు బయటి గోడల కొలత, వాడకం, ఎప్పటినుంచి ఆ వాడకం, దానికి ఉన్న కాగితం, ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసి చూసుకుంటే మొత్తం మీద లాభమో నష్టమో అక్కడే తేలిపోతుంది. నష్టమే తేలితే, దాన్ని తనంతట తానుగా సరిచేయించుకోవడమా, ఊరుకోవడమా అన్నది ఆ ఇంటివాళ్లు ఆలోచించుకోవాల్సిన సంగతి. ఊరుకుంటే ఆ రేకుల గది ఎప్పటికీ రిజిస్టర్లోకి ఎక్కదన్న భరోసా మాత్రం లేదు.

కడుతూనే అడగాలి

కోపంతో పన్ను కట్టడం మానేయడం అన్నిటికంటే ఖరీదైన నిరసన. నెలకు 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో ఇంటి లోను మీద కూడా అంత వడ్డీ పడదు. వివాదం లేని మొత్తం గడువులోగా కట్టేయాలి. పూర్తి మొత్తం కట్టక తప్పని పరిస్థితైతే, అభ్యంతరానికి లోబడి కడుతున్నట్టు అదే రోజు ఒక ఉత్తరం రాసి ముద్ర వేయించుకోవాలి. ఈ ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోగా కట్టేవారికి 5 శాతం తగ్గించే ఎర్లీ బర్డ్ పథకం ఏటా వస్తుంటుంది. పాత బకాయికి ఆ తగ్గింపు ఉండదు.

తొందరపాటుకు పెద్ద ఉదాహరణ చెన్నైలో దొరుకుతుంది. 2020లో లాక్‌డౌన్ వల్ల పెళ్లిళ్లు ఆగిపోయి నటుడు రజనీకాంత్‌కు చెందిన కోడంబాక్కం రాఘవేంద్ర కల్యాణ మండపం ఖాళీగా ఉండిపోయింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అర్ధ సంవత్సరానికి దాదాపు ఆరున్నర లక్షల ఆస్తి పన్ను కట్టమని కార్పొరేషన్ బిల్లు పంపింది. ఖాళీగా ఉన్న కాలానికి చట్ట ప్రకారం తగ్గింపు అడగడంలో తప్పేమీ లేదు. ఆయన సెప్టెంబరు 23న కార్పొరేషన్‌కు నోటీసు పంపారు. జవాబు కోసం ఆగకుండా మద్రాసు హైకోర్టు గడప తొక్కారు. ఇంత తొందరేమిటని, ఖర్చులు విధించాల్సి వస్తుందని అక్టోబరు 14న హైకోర్టు హెచ్చరించడంతో పిటిషను వెనక్కి తీసుకుని, మర్నాడే పన్ను కట్టారు. ముందు కార్పొరేషన్‌నే అడగాల్సిందని, ఇది తనకు పాఠమని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అడిగిన విషయంలో బలం ఉన్నా, అడిగిన వరస తప్పితే ఫలితం ఇలా ఉంటుంది.

దరఖాస్తు: ఒక పేజీ చాలు

బల్దియా ఆఫీసులో నాలుగు పేజీల ఆవేదన ఎవరూ చదవరు. ఒక పేజీలో ఏ అంకె తప్పు, ఏది ఒప్పు, ఏ కాగితం సాక్ష్యం, ఏం చేయమంటున్నారు అన్న నాలుగు సంగతులుంటే చాలు. పైన చెప్పిన టీచరమ్మ దరఖాస్తు ఇలా ఉండొచ్చు:

"డిప్యూటీ కమిషనర్ గారికి. విషయం: పీటీఐఎన్ నంబరు ఫలానా, ఇంటి నంబరు 7-1-ఫలానా, కింది అంతస్తు వాడకాన్ని వాణిజ్యం నుంచి నివాసానికి మార్చి పన్ను సవరించడం గురించి.

అయ్యా, పై ఇంటి కింది అంతస్తు (800 చదరపు అడుగులు) మీ రికార్డుల్లో వాణిజ్యంగా ఉంది. ఈ అంతస్తును ఫలానా తేదీన అద్దెదారు ఖాళీ చేశారు. అప్పటినుంచి మా కుటుంబమే నివాసం ఉంటోంది. సాక్ష్యంగా అద్దె ఒప్పందం రద్దు పత్రం, ఆ తేదీ తర్వాతి కరెంటు బిల్లులు, మా అబ్బాయి ఆధార్ చిరునామా జత చేస్తున్నాను. దయచేసి తనిఖీ జరిపించి, ఖాళీ చేసిన తేదీ నుంచి నివాస రేటుతో పన్ను సవరించి, ఎక్కువగా కట్టిన మొత్తాన్ని రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేయాలని కోరుతున్నాను. నివాస రేటు ప్రకారం లెక్కగట్టిన పన్ను కట్టిన రసీదు జత చేశాను."

జత చేసే వాటిలో కరెంటు బిల్లుకు విలువ ఎక్కువ. మీటరు డొమెస్టిక్ కేటగిరీలోకి మారిన నెల బిల్లు మీదే కనిపిస్తుంది. ఇల్లు నివాసమని రాసిచ్చి, మీటరు మాత్రం కమర్షియల్‌గానే ఉంచుకుంటే ఆ దరఖాస్తు అక్కడికక్కడే వీగిపోతుంది. ముందు విద్యుత్ ఆఫీసుకు, తర్వాత బల్దియాకు వెళ్లడం సరైన వరస.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోకుండా కౌంటరు దాటకూడదు. నోటిమాటగా "చూస్తాం లెండి" అన్నది ఏ ఫైల్లోనూ ఉండదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

బిల్ కలెక్టరు వసూలు చేస్తాడు. ట్యాక్స్ ఇన్‌స్పెక్టరు కొలిచి నివేదిక రాస్తాడు. సవరణ మీద నిర్ణయం సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్ స్థాయిలో జరుగుతుంది. 2025 చివర్లో వార్డులను 150 నుంచి 300కు పెంచి సర్కిళ్ల హద్దులు కూడా మార్చారు కాబట్టి, పాత బిల్లు మీద ఉన్న సర్కిల్ పేరు చూసి బయల్దేరకుండా పీటీఐఎన్ కొట్టి ఇప్పటి సర్కిల్ ఏదో తెలుసుకోవాలి.

ఆర్థిక సంవత్సరం చివర, ఫిబ్రవరి, మార్చి నెలల ఆదివారాల్లో సర్కిల్ ఆఫీసుల్లో 'ప్రాపర్టీ ట్యాక్స్ పరిష్కారం' పేరుతో ప్రత్యేక శిబిరాలు పెట్టడం కొన్నేళ్లుగా జరుగుతోంది. మార్చి 31లోగా వసూళ్లు పెంచుకోవాలన్న తొందర బల్దియాకూ ఉంటుంది కనుక, పీటీఐఎన్ తికమకలు, బకాయి తప్పులు, చెల్లింపు ఎక్కకపోవడంలాంటివి ఆ రోజుల్లో చకచకా తేలతాయి. సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ పై అధికారి సంతకంతో కిందికి వస్తుంది. కదలని ఫైలును కదిలించడానికి అది పనికొస్తుంది.

అప్పటికీ రిజిస్టర్లో అసలేముందో చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. "నా పన్ను ఎందుకు పెరిగింది?" అని అడిగితే జవాబు దాటవేసే వీలుంటుంది. పీటీఐఎన్ నంబరు రాసి, అసెస్‌మెంట్ రిజిస్టరులో ఆ ఆస్తి పేజీ నకలు, చివరిసారి జరిగిన తనిఖీ నివేదిక నకలు, పన్ను పెంచినప్పుడు ఇచ్చిన ప్రత్యేక నోటీసు నకలు, దాన్ని అందజేసినట్టు రుజువు కావాలని అడగాలి. చివరిది లేదని తేలితే అదే కేసులో పెద్ద బలమవుతుంది. ఎందుకంటే అద్దె విలువ పెంచేముందు ఓనరుకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం విని, ఆ తర్వాతే ఖరారు చేయాలన్నది చట్టంలో ఉన్న పద్ధతి.

నోటీసు వచ్చినప్పుడు, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చినప్పుడు

కొత్తగా మదింపు చేసినా, పాతది పెంచినా బల్దియా నుంచి ప్రత్యేక నోటీసు వస్తుంది. దాని మీద అభ్యంతరానికి గడువు రాసి ఉంటుంది. ఆ గడువులో వేసే రాతపూర్వక అభ్యంతరాన్నే ఆఫీసులో రివిజన్ పిటిషన్ అంటారు. నోటీసు చేతికందిన తేదీ దాని మీదే రాసుకుని, కవరు కూడా దాచుకోవాలి. ఈ గడువు జారిపోతే వాదనలో బలమున్నా దారి సగం మూసుకుపోతుంది.

రివిజన్‌లో వచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే జీహెచ్ఎంసీ చట్టం 282వ సెక్షన్ కింద సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి ముందు అప్పీలు చేయొచ్చు. దీనికి 15 రోజులే గడువు, పైగా మూడు షరతులు. ముందు కమిషనరుకు ఫిర్యాదు చేసి ఉండాలి, గడువు దాటకూడదు, వివాదంలో ఉన్న పన్ను కట్టి ఉండాలి. 'కడుతూనే అడగాలి' అన్న మాట ఇక్కడ సలహా స్థాయి దాటి చట్టం షరతు అవుతుంది. వకీలు ఫీజు, తిరుగుడు లెక్కేసుకుంటే ఏడాదికి 1,300 రూపాయల కోసం ఈ మెట్టు ఎక్కడం గిట్టుబాటు కాదు. 21 వేల తేడాకైతే ఆలోచించొచ్చు. ఒకే అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లకు ఒకే తప్పు పడితే అసోసియేషన్ తరఫున అందరూ కలిసి వెళ్లడం మేలు.

కలిసి వెళ్లినవాళ్లు గెలిచిన కథ గుంటూరులో ఉంది. మున్సిపాలిటీ ఇళ్లకు వార్షిక అద్దె విలువ వేసిన తీరును గుంటూరు పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘం సవాలు చేసింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఇంటికి న్యాయమైన అద్దె ఇంత అని పరిమితి ఉండగా, అంతకు మించి అద్దె వస్తుందని ఊహించి పన్ను ఎలా వేస్తారన్నది వాళ్ల ప్రశ్న. అద్దె కంట్రోలరు న్యాయమైన అద్దె నిర్ణయించిన ఇళ్లకే ఆ పరిమితి, మిగతా ఇళ్లకు వర్తించదన్నది మున్సిపాలిటీ వాదన. హైకోర్టులో ఓడి మున్సిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కంట్రోలరు నిర్ణయించినా నిర్ణయించకపోయినా, చట్టం ప్రకారం తేలగల న్యాయమైన అద్దెనే లెక్కలోకి తీసుకోవాలని 1970లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాతి కాలంలో పన్ను చట్టాలూ, కోర్టుల ఆలోచనా మారుతూ వచ్చాయి కనుక ఆ తీర్పును ఇవాళ అమీర్‌పేటకు ఉన్నదున్నట్టు అతికించలేం. అయినా ఆ సంఘం వాదించిన తీరు గమనించదగ్గది. పన్ను భారమైందని వాళ్లు మొర పెట్టుకోలేదు. అద్దె విలువ అనే ఒక్క అంకెను పట్టుకుని, దాన్ని తేల్చిన పద్ధతి తప్పన్నారు.

ఎక్కువ కట్టిన డబ్బు ఏమవుతుంది

తప్పు నిరూపణ అయ్యాక కూడా చాలా సందర్భాల్లో చేతికి చెక్కు రాదు. రాబోయే బిల్లుల్లో సర్దుబాటు జరుగుతుంది. 2020లో ఈ పద్ధతి రెండుసార్లు పెద్ద ఎత్తున కనిపించింది. ఆ ఏడాది వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద పాత బకాయిదారులకు వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అంతకుముందే వడ్డీతో సహా కట్టేసినవాళ్లకు అందులో 90 శాతాన్ని రాబోయే పన్నులో తగ్గిస్తామన్నారు. నవంబరులో, బల్దియా ఎన్నికల ముందు, గ్రేటర్‌లో 15 వేల రూపాయల దాకా పన్నున్న నివాస గృహాలకు ఆ ఏడాది పన్నులో సగం తగ్గించారు. అప్పటికే మొత్తం కట్టినవాళ్లకు మరుసటి ఏడాది బిల్లులో సర్దుతామని ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది బిల్లును పాత రసీదుతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం ఓనరు వంతు.

సర్దుబాటుకు కూడా ఒప్పుకోకపోతే, పొరపాటున కట్టిన పన్ను తిరిగి అడిగే హక్కు చట్టంలో లేకపోలేదు. పొరపాటున చెల్లించిన డబ్బు తిరిగివ్వాలన్న కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ పన్నులకూ వర్తిస్తుందని 1958లోనే బెనారస్ సేల్స్ టాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ తర్వాతి తీర్పులు ఆ దారిని ఇరుకు చేశాయి. పైగా అలా దావా వేయడానికి పొరపాటు తెలిసిన నాటి నుంచి సాధారణంగా మూడేళ్లే కాలపరిమితి. పదేళ్లుగా ఎక్కువ కడుతున్నామని తెలిసీ ఊరుకుని, ఇవాళ పదేళ్లదీ అడుగుతామంటే కుదరదు. తప్పు కనిపించిన రోజే రాతపూర్వకంగా అడగడానికి ఇదో కారణం.

సవరణ ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు వచ్చినంత మాత్రాన కంప్యూటర్లో అంకె మారిపోయినట్టు కాదు. ఉత్తర్వు కాపీ తీసుకున్న వారంలోనే ఆన్‌లైన్‌లో పీటీఐఎన్ కొట్టి, వాడకం, కొలత, బకాయి మూడూ మారాయో లేదో చూడాలి. మారకపోతే అదే ఇన్‌వర్డ్ నంబరు వేసి మళ్లీ ఒక పేజీ ఉత్తరం రాయాలి. ఆ ఉత్తర్వు, రసీదులు, కొలతల కాగితం, కరెంటు బిల్లులు ఒకే ఫైల్లో ఉంచి, ఇల్లు అమ్మినప్పుడు కొన్నవాళ్లకు కాపీ ఇవ్వాలి. పేరు మార్పిడి (మ్యుటేషన్) సమయంలో పాత రికార్డు తిరగబెడితే అడ్డు చెప్పడానికి ఆ ఫైలే పనికొస్తుంది. ఏప్రిల్‌లో కొత్త బిల్లు రాగానే ఎర్లీ బర్డ్ తగ్గింపు కోసం పరుగెత్తేముందు, సర్దుబాటు కావాల్సిన మొత్తం బిల్లులో తగ్గిందో లేదో చూసుకోవాలి. తగ్గకుండానే పూర్తిగా కట్టేస్తే ఆ మొత్తం మరో ఏడాది వెనక్కి జరుగుతుంది. తగ్గలేదని తేలితే ఉత్తర్వు కాపీతో ఏప్రిల్ మొదటి రెండు వారాల్లోనే సర్కిల్ ఆఫీసుకు వెళ్లాలి. నెలాఖరు వారంలో కౌంటర్ల దగ్గర కట్టేవాళ్ల వరసే సరిపోతుంది, సవరణ ఫైలు చూసే తీరిక ఎవరికీ ఉండదు.